చెవుల ఆసుపత్రికి పోగులమ్మ నేసిన గుడ్డ

చెవుల ఆసుపత్రిలో ఏమీ వినపడదంటే ఎవరూ నమ్మరు. కానీ అది పచ్చి నిజం. దాన్ని కట్టిన మహానుభావుడెవడో గానీ కింద నున్నటి రాయి పరిచాడు, రెండు పక్కలా నేల నుంచి పైదాకా అద్దాలు బిగించాడు, పైకప్పుకి బోడి సిమెంటు వదిలేశాడు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఆ హాల్లో ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ము గోడలన్నీ చుట్టొచ్చి మళ్ళీ తుమ్మినవాడి చెవిలోనే పడుతుంది. వినికిడి తగ్గినవాళ్ళనీ, చెవుల్లో మిషన్లు పెట్టుకున్నవాళ్ళనీ పోగేసి అక్కడ కూర్చోబెడతారు. మూలనున్న బల్ల దగ్గర నుంచి ఒకాయన నంబర్లు పిలుస్తుంటాడు. వినపడినవాడు అదృష్టవంతుడు. ఆ అదృష్టమే ఉంటే అక్కడికెందుకు వస్తాడు, చెప్పండి!

ఆ హాల్లోనే ఒకరోజు పోగులమ్మ అత్తగారి పరువు పోయింది.

ఆవిడ అలాంటిలాంటి అత్తగారు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. రిటైరై ఎన్నేళ్ళయినా వీధిలో అందరికీ ఆపరేటరమ్మే. "హలో" అన్న ఒక్క ముక్క చాలు, అవతల ఎవరో, కోపంగా ఉన్నారో సంతోషంగా ఉన్నారో, పక్కన ఎవరైనా నిలబడి వింటున్నారో చెప్పేసేది. ఇంట్లో కూర్చున్నా నోరు ఊరుకునేది కాదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి కొడుకు చొక్కా గుండీల దాకా అన్నిటి మీదా ఆవిడకో మాట ఉండేది. అలాంటి మనిషికి చెవులు మందగించాయి. మిషన్లు పెట్టారు. ఒక్కరితో ఎదురెదురుగా కూర్చుంటే పరవాలేదు గానీ, నలుగురున్న చోటికి వెళ్తే నరకం. ఆ మిషనుకి మంచీ చెడూ తెలీదు. మనిషి మాటనీ, చెప్పుల చప్పుడునీ, కుర్చీ కీచునీ ఒకే లెక్కన పెంచి చెవిలో కుమ్మరిస్తుంది.

ఆరోజు ఆవిడ నంబరు పిలిచారు. కదల్లేదు. మళ్ళీ పిలిచారు. కదల్లేదు. పోగులమ్మ పక్కనుంటే చెప్పేదే, కానీ తను మందుల కౌంటరు దగ్గర వరసలో ఇరుక్కుపోయింది. చివరికి ఆ నంబర్లాయన విసుగ్గా లేచొచ్చి, ఆపరేటరమ్మ మొహం ముందు చేతులాడించి, "ఏమ్మా! మీ నంబరేగా! ఎన్నిసార్లు పిలవాలి?" అని అరిచాడు. హాల్లో వినపడినవాళ్ళు నవ్వారు. వినపడనివాళ్ళు, పక్కవాళ్ళు నవ్వుతున్నారు కదా అని నవ్వారు.

ఆవిడ తిన్నగా ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, "ఇక నేను ఏ గడపా తొక్కను" అంది. అన్నంత పనీ చేసింది. స్నేహితురాళ్ళ ఇళ్ళకి పోవడం మానేసింది. పార్కుకి పోవడం మానేసింది. టీవీ కోసం మిషన్లు పెట్టుకునేది గానీ, ఇంట్లో వాళ్ళతో కూడా మాటలు తగ్గించేసింది. అడిగితే ఔను, కాదు. అంతే.

అత్తగారి నోరు మూతపడితే ఏ కోడలైనా సంబరపడాలి. పోగులమ్మ కూడా మొదట సంబరపడింది, అబద్ధమెందుకు. నాలుగు రోజులు పోయాక ఇల్లు ఇల్లులా లేదనిపించింది. ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు రెండింతలు వేసి చూసింది. ఆవిడ కిక్కురుమనకుండా తినేసి, కంచం కడిగి, లోపలికి పోయి పడుకుంది. అప్పుడు పోగులమ్మకి నిజంగా భయమేసింది.

పోగులమ్మ సంగతి కాస్త చెప్పాలి. నలభై దాటిన మనిషి. పొద్దున పరదాల కొట్లో అంచులు కుడుతుంది, మధ్యాహ్నం కళల కాలేజీలో నేత చదువుతుంది. జుట్టులోనో, మోచేతికో, భోజనం డబ్బా మూతకో ఎప్పుడూ ఏదో ఒక దారప్పోగు అంటుకునే ఉంటుంది. అందుకని తోటి పిల్లలు పెట్టిన పేరది. మొదట్లో ఒళ్ళు మండింది గానీ, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తననేనా అని వెనక్కి తిరిగి చూసే స్థితికి వచ్చాక ఊరుకుంది.

ఆమె చదువులో చేరిన కొత్తలో చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. "మనవల్ని ఎత్తుకునే వయసులో పుస్తకాలేమిటి?" అన్నారు. ఆపరేటరమ్మే వాళ్ళకి గడ్డి పెట్టింది. "చదవనివ్వండి, మీ సొమ్మేం పోయింది?" అని, వాళ్ళు వెళ్ళాక కోడలి వైపు తిరిగి, "ఫెయిలయ్యావో, అందరికంటే ముందు నేనే నవ్వుతా" అంది. ఆవిడ ప్రేమ ఆ తీరుగానే ఉంటుంది.

ఇక ఆయన, అంటే పోగులమ్మ మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాటల్లో పొదుపరి. మూతబడిన ఒక మిల్లు నుంచి పాత మగ్గం ఒకటి దొరికితే, దాన్ని ముక్కలుగా విప్పి, నాలుగు అంతస్తులు ఎక్కించి, ముందు గదిలో మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుని, "ఊఁ" అన్నాడు. ఆ మగ్గం గదినంతా మింగేసింది. సోఫా వరండాకి కాపురం మార్చింది. ఇంటికొచ్చిన వాళ్ళు మగ్గాన్ని చుట్టుకుని, తల వంచుకుని లోపలికి రావాలి. పొద్దున్నే వంట, తర్వాత కొట్టు, తర్వాత కాలేజీ, సాయంత్రం మగ్గం. ఒక్కోసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే "ఈ ఒక్క వరసా నేసి వస్తా" అనేది. ఆ ఇంట్లో పాలగిన్నె మాడని వారం లేదు.

పరదాల కొట్లోనే ఆమె బుర్రని ఒక పురుగు తొలిచింది. బరువైన పరదాలు కొట్లో వేలాడుతున్న రోజుల్లో యజమాని అరుపులు మెత్తగా వినపడేవి. సరుకంతా అమ్ముడుపోయి కొట్టు ఖాళీ అయితే అదే మనిషి, అవే అరుపులు, తల పగిలిపోయేది. గుడ్డ చప్పుడుని తాగుతుందన్నమాట! ఎంత తాగుతుంది, ఏ గుడ్డ ఎక్కువ తాగుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని కాలేజీలో ఎవరూ పోని పక్క భవనానికి పోయి, శబ్దశాస్త్రం ప్రయోగశాల తలుపు తట్టింది. అక్కడి మేడమ్ ఈమె జుట్టులోని పోగుని చూసి, "నేత శాఖ అటు" అని వేలు చూపించింది. "తెలుసు మేడమ్, ఇటే వచ్చాను" అంది పోగులమ్మ.

కాలేజీవాళ్ళు రెండు శాఖల్లోనూ కలిపి చదువుకోవచ్చన్నారు. అనడం వరకే. నేత మేష్టారికి ఆమె మీద అనుమానం, శబ్దం మేడమ్‌కి ఆమె మీద అనుమానం. ఆయనేమో "గుడ్డ చూడ్డానికమ్మా, వినడానిక్కాదు" అంటాడు. ఈవిడేమో "నీకు లెక్కలు సరిగ్గా రావు, దారాలు తప్ప" అంటుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో పోగులమ్మకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

అత్తగారు ఉప్పు కూర మాట్లాడకుండా తిన్న మర్నాడే ఆమె తేల్చేసుకుంది. తన చివరి పరీక్షకి నేసే గుడ్డ ఆ ఆసుపత్రి హాలుకే నేస్తుంది. గోడలకి కట్టి, అక్కడ మనిషి మాట మనిషికి వినపడేలా చేస్తుంది. మేష్టారు తల పట్టుకున్నాడు. "గ్యాలరీలో గోడలు లేవా? ఆసుపత్రి ఏమిటమ్మా, నాకు జబ్బు చేసేలా ఉన్నావు." ఆసుపత్రి పెద్ద నర్సమ్మ మాత్రం సూటిగా చెప్పింది. "కట్టుకో. ఇది పనికొచ్చిందని మీ కాలేజీవాళ్ళు సంతకాలు పెడితే ఉంచుతాం. పెట్టలేదనుకో, ఆ సాయంత్రమే ఊడదీసుకుని పోవాలి. మాకు దుమ్ము పడదు." సంతకాలు మేష్టారిది ఒకటి, మేడమ్‌ది ఒకటి, బయటి నుంచి వచ్చే పరీక్షకుడిది ఒకటి. ఏ ఒక్కటి తగ్గినా డిగ్రీ లేదు, హాల్లో గుడ్డా లేదు.

మొదటి నమూనా మేడమ్ పరీక్షించి పెదవి విరిచింది. "పైపై కీచులు తాగుతోంది. మాటలో ఉండే బరువైన చప్పుడునంతా వదిలేస్తోంది. చదును గుడ్డ ఇంతకంటే ఏం చెయ్యదు." పోగులమ్మ పట్టు వదల్లేదు. రెండు పొరలుగా నేస్తే సరిపోతుందనుకుంది. మెత్తటి ఉన్ని ఎక్కువగా, కొసల్లో పట్టు కోసం గట్టి ఉన్ని కొంచెం వేసి, పొడుగాటి గుడ్డలు నేయడానికి సిద్ధపడింది.

ఇక్కడే కొంప మునిగింది. ఎలాగో చెప్పాలంటే నూలు గురించి ఒక ముక్క తెలియాలి. నూలుకి పురి ఉంటుంది, అంటే మెలి. మెత్తటి పురి ఉన్ని నీళ్ళలో పడితే కాస్త ఉబ్బి ఊరుకుంటుంది. గట్టి పురి ఉన్ని నీళ్ళు తగిలాయంటే మెలికలు తిరిగిపోయి, తనతో పాటు గుడ్డనంతా ముడతలుగా లాగేస్తుంది. రెండూ చూడ్డానికి ఒకటే తెలుపు. అందుకని గట్టి పురి కండెలకి గులాబీ రంగు పులిమి ఉంచుతారు. ఉతికితే పోయే రంగు, గుడ్డకి మరక కాకూడదు కదా. నేసే ముందు ఆ గట్టివాటికి ఆవిరి పట్టిస్తారు. లేకపోతే మగ్గం మీద తిరగబడి ఏడిపిస్తాయి. ఆ లొంగుబాటు కూడా నీళ్ళలో ముంచేదాకానే.

పోగులమ్మకి ఆరోజు కొట్టుకి వేళవుతోంది. రంగు గుర్తుంది కదా అని రెండు రకాల కండెల్నీ ఒకే గిన్నెలో పడేసి ఆవిరి పెట్టింది. మూత తీసేసరికి పురి లొంగింది, రంగూ పోయింది. గిన్నె నిండా తెల్లటి కండెలు, ఏది ఏదో తెలీదు. పోనీ అప్పుడైనా భయపడాలా! "చేత్తో పట్టుకుంటే తెలియదా, ఇన్నేళ్ళ చేతులు ఇవి" అనుకుంది. నొక్కి చూసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, రెండు బుట్టల్లోకి వేరుచేసింది. ఆవిరి తిన్న గట్టి పురి ఎంత మెత్తగా నటిస్తుందో ఆమెకి తెలిసీ తెలిసీ ఆ పని చేసింది. తన చేతుల మీద అంత నమ్మకం.

మగ్గం మీద గుడ్డ అద్దంలా వచ్చింది. మేష్టారు ఇంటికొచ్చి, మగ్గం చుట్టూ తల వంచుకుని నడిచి, గుడ్డని చేత్తో నిమిరి, "ఇదీ గుడ్డంటే!" అన్నాడు. ఆ మనిషి నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. పోగులమ్మ నేల మీద నడవలేదు ఆ పూట.

ఆఖరి గుడ్డ కూడా నేశాక వేడినీళ్ళ తొట్టిలో అన్నిటినీ నానబెట్టింది. నేసిన ఉన్నిని తడిపి ఆరబెడితేనే గుడ్డ కుదురుకుంటుంది. కాసేపటికి వచ్చి చూస్తే తొట్టిలో గుడ్డలు కదులుతున్నాయి. కళ్ళముందే ఒక కొస ముడుచుకుంది, ఇంకోచోట బుస్సుమని పొంగింది, మధ్యలో లోయలు పడ్డాయి. ఏ రెండు ముడతలూ ఒక్క తీరున లేవు, ఆమె చేతులు పోల్చుకోలేని గట్టి పురి ఎక్కడ పడితే అక్కడ చేరిపోయిందన్నమాట. బయటికి తీసి పరిస్తే, గోడ కొలతకి నేసిన గుడ్డ గోడలో సగం మీద కాస్త ఎక్కువకి వచ్చింది. ఆమె స్నానాల గది నేల మీద చతికిలబడి, తడి గుడ్డ ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చింది. అన్ని వారాల చాకిరీ, అంత ఉన్ని, మేష్టారి ఆ ఒక్క మెప్పు, అన్నీ ఆ తొట్టిలో కొట్టుకుపోయాయి.

పారేయడానికైనా ఆరాలి కదా. మొగుడు ముందు గదిలో అటునుంచి ఇటు తాళ్ళు కడితే, గుడ్డలన్నీ వరసగా వేలాడదీసింది. మర్నాటికి ఆరాయి. మగ్గం పక్కన నిలబడి ఒక్కొక్కటే దించుదామని చేయి వేసింది. ఆ గది మామూలుగా ఒక సంత. రాతి పలకల నేల, బోడి గోడలు. పక్కగదిలో టీవీ, కింద నీళ్ళ మోటారు, వరండాలో ఆయన సుత్తి. అత్తగారు ఆ గదిలో అడుగు పెట్టేదే కాదు. ఆరోజు మాత్రం, కోడలి కళ్ళు ఉబ్బి ఉండటం చూసిందేమో, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ ముడతలు ఇస్త్రీకి పోవామ్మాయ్?"

పోగులమ్మ వెనక్కి తిరగలేదు. ఒళ్ళు మండిపోయి, గొంతులోనే గొణుక్కుంది. "ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని, ఇప్పుడు విప్పి మరీ సలహా చెప్తోంది మహాతల్లి."

"మహాతల్లెవరు? నేనా?"

పోగులమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. తిరిగి చూసింది. టీవీ మోగుతూనే ఉంది. మోటారు తిరుగుతూనే ఉంది.

"మీకు వినపడిందా అత్తయ్యా?"

"నన్ను తిడితే నాకు వినపడదా?"

"ఇదివరకెప్పుడూ వినపడలేదుగా!"

"అంటే ఇదివరకు కూడా తిడుతున్నావన్నమాట!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపరేటరమ్మ చెవి మిషను తడుముకుంది. బ్యాటరీ మార్చలేదు, ఏమీ చెయ్యలేదు. మెల్లగా నడుచుకుంటూ గుడ్డల మధ్యకి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. "ఏదో ఒకటి మాట్లాడు" అంది, చిన్నపిల్లలా ఆత్రంగా.

పోగులమ్మ ఒక గుడ్డ వెనక్కి పోయి, పెదవులు కనపడకుండా మొహం తిప్పుకుని, మామూలు గొంతు కంటే తక్కువలో, "మీ నీలం పువ్వుల కప్పు పిల్లి పగలగొట్టలేదు. నేనే" అంది.

"నీ మొహం, మనింట్లో పిల్లేది? నాకప్పుడే తెలుసు. ఇంకా చెప్పు!"

"మీరు చేసే కాఫీ నీళ్ళలా ఉంటుంది."

"నీ మొగుడికి అదే ఇష్టం. ఇంకా!"

అలా పదేళ్ళ గొడవలన్నీ గుసగుసల్లో బయటికొచ్చాయి. ఒక్క ముక్క పోలేదు. వరండాలో సుత్తి ఆగిపోయింది. ఆయన గుమ్మంలో నిలబడి, తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని మళ్ళీ వరండాలోకి పోయాడు. ఆపరేటరమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియాలి. పోగులమ్మ మాత్రం ఏడుస్తూనే ఆలోచిస్తోంది. చదును గుడ్డ చెయ్యలేని పని ముడతలు చేస్తున్నాయి. మందం వచ్చింది, లోయలొచ్చాయి, చప్పుడు వాటిల్లో దూరి బయటికి రాలేకపోతోంది. పైగా ఇది గోడకి అంటుకుని లేదు, గదిలో వేలాడుతోంది. గోడకి కడితే ఒక్క మొహమే తాగేది, ఇప్పుడు రెండు మొహాలూ తాగుతున్నాయి. గుడ్డ చిన్నదైతే ఏం పోయింది?

ఒక గుడ్డ చంకలో పెట్టుకుని ప్రయోగశాలకి పరుగెత్తింది. మేడమ్ కొలిచింది. మిషను తప్పేమోనని మళ్ళీ కొలిచింది. "ఏం చేశావ్ దీన్ని?" అంది. "తప్పు చేశాను మేడమ్." "మళ్ళీ చెయ్యగలవా?"

అదే కష్టమైన పని. పొరపాటున చేసిన తప్పు ఎవడైనా చేస్తాడు, దాన్నే కావాలని చెయ్యాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. హాలుకి ఇంకా గుడ్డలు కావాలి. ఈసారి రంగు పోయినా కలిసిపోకుండా గట్టి పురికి విడిగా ఆవిరి పట్టి, ఎక్కడ ఎంత వేస్తే ఎంత ముడుచుకుంటుందో చిన్న చిన్న ముక్కలు నేసి, తడిపి, మేడమ్ చేత కొలిపించి, మళ్ళీ నేసింది. ఆ రోజుల్లో ఆపరేటరమ్మ మగ్గం పక్కనే కుర్చీ వేసుకుని కండెలు చుట్టింది. చుడుతున్నంత సేపూ ఉప్పు గురించి మాట్లాడింది. పోగులమ్మ ఎదురు చెప్పలేదు. మేష్టారు ఒకసారి వచ్చి, ఆ గుట్టలూ లోయలూ చూసి, "బంగారం లాంటి గుడ్డని ఇలా చేసుకున్నావా" అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

హాల్లో కట్టే పని మొగుడిది. లిఫ్టుల తీగతాళ్ళు, కొక్కేలు తెచ్చి, నిచ్చెనెక్కి, పైకప్పు నుంచి గుడ్డలన్నీ వరసలుగా, మనుషుల తలలకి అందనంత ఎత్తులో వేలాడదీశాడు. పెద్ద నర్సమ్మ కింద నిలబడి, "ఇది ఎవరి నెత్తినైనా పడితే?" అంది. ఆయన నిచ్చెన దిగి, "పడదు. నేను బాగుచేసిన లిఫ్టుల్లో జనం ఎక్కుతున్నారు, ఇది ఉన్ని" అన్నాడు. పోగులమ్మ పెళ్ళయ్యాక విన్న పొడుగైన మాటల్లో అదొకటి.

పరీక్ష రోజు పొద్దున ఆపరేటరమ్మ మొండికేసింది. "ఆ గడప తొక్కనన్నాను."

"మీరు రాకపోతే నాకు ధైర్యం చాలదు అత్తయ్యా" అంది పోగులమ్మ. ఆవిడ లోపలికి పోయి, మంచి చెప్పులు తొడుక్కుని వచ్చింది.

హాలు మామూలుగానే కిక్కిరిసి ఉంది. పైన తెల్లటి ఉన్ని గుట్టలు గుట్టలుగా వేలాడుతోంది. కిందున్నవాళ్ళలో సగం మంది దాన్ని చూడను కూడా లేదు, కబుర్లలో ఉన్నారు. ఆ హాల్లో కబుర్లు! నంబర్లాయన కూర్చున్న చోటు నుంచే పిలుస్తున్నాడు, పిలిచినవాళ్ళు లేస్తున్నారు. మేడమ్ తన కొలత మిషను పట్టుకుని మూలమూలా తిరుగుతోంది. మేష్టారు చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూస్తున్నాడు, ఎక్కడో కడుపునొప్పి ఉన్నవాడిలా. బయటి పరీక్షకుడు పెద్దమనిషి, మెడలో కండువా, పెద్ద పేరున్నాయన. అరగంట తిరిగాడు. ఏమీ అడగలేదు. ఏమీ అడగని పరీక్షకుడంత భయంకరమైనవాడు ఇంకొకడుండడు. పోగులమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఈ సాయంత్రం నిచ్చెన మళ్ళీ ఎక్కించాల్సి వస్తుందా అన్న ఒక్క ప్రశ్నే బుర్రలో తిరుగుతోంది.

ఆఖరికి ఆ పెద్దమనిషి మేష్టారిని పిలిచి, ఒక బెంచీ మీద కూర్చున్నాడు. దాని వెనక, వీపుకి వీపుగా ఇంకో బెంచీ. దాని మీద చెవి మిషన్లతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆయన ఆవిడని ఒకసారి చూసి, మిషన్లు చూసి, ధైర్యం తెచ్చుకుని గొంతు తగ్గించాడు.

"చూడండి మేష్టారూ. నేత అని రాద్దామంటే గుడ్డ నలిగిపోయి ఉంది. శాస్త్రం అని రాద్దామంటే ఇది గుడ్డ. ఈవిడ మనసు నొప్పించకుండా, వచ్చే ఏడు మళ్ళీ రమ్మందాం. అయినా ఈ వయసులో డిగ్రీ ఏం చేసుకుంటుంది లెండి."

మేష్టారు ఏదో అనబోయేలోపు వెనక నుంచి ఒక గొంతు వినపడింది. ఏళ్ళ తరబడి వైర్ల మీద అలవాటైన గొంతు, మర్యాదగా, ఖంగుమంటూ.

"ఒక్క నిమిషం సార్, లైన్లో ఉండండి."

పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆపరేటరమ్మ లేచి నిలబడింది.

"డిగ్రీ ఏం చేసుకుంటుందో ఆ అమ్మాయి చూసుకుంటుంది. మీరేమన్నారో చెప్పమంటారా? గుడ్డ నలిగిపోయింది, శాస్త్రం అందామంటే గుడ్డ, మనసు నొప్పించకుండా వచ్చే ఏడు రమ్మందాం. అక్షరం పొల్లుపోయిందా?"

"మీకు... మీకు వినపడిందా?"

"నా రెండు చెవులూ పోయాయని ఈ ఆసుపత్రివాళ్ళే తేల్చి చెప్పారు నాయనా. ఇదే హాల్లో నా మొహం మీద అరిస్తే వినపడక నవ్వులపాలయ్యాను. ఇవాళ మీరు నాకు వీపు పెట్టుకుని గుసగుసలాడితే వినపడింది. ఇది నేతో, శాస్త్రమో మీరూ మీరూ తేల్చుకోండి. పని చేసిందో లేదో మాత్రం నన్నడగండి, నేను చెప్తా." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఇంకెప్పుడైనా ఎవరినైనా ఫెయిలు చెయ్యాలనుకుంటే, మా కోడలి గుడ్డ కింద కూర్చుని మాత్రం అనుకోకండి సార్" అంది.

మొదట నవ్వింది శబ్దం మేడమ్. చేతిలో మిషను పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చుట్టూ బెంచీల మీదివాళ్ళు కూడా నవ్వారు, ఈసారి అందరికీ వినపడే నవ్వారు. పెద్దమనిషి మొహం కందగడ్డ అయింది. కానీ మనిషి మంచివాడే. కండువాతో నుదురు తుడుచుకుని, తలెత్తి, ఆ ఉన్ని గుట్టల్ని అప్పుడు మొదటిసారిగా చూసినట్టు చూశాడు. చాలాసేపు చూశాడు. "కలం ఇవ్వండి" అన్నాడు.

అక్కడ మొదలైంది అసలు గొడవ. "ఇది నేత శాఖ పట్టా, ముందు నా సంతకం" అన్నాడు మేష్టారు. "బాగుందండీ! ఇన్నాళ్ళూ నలిగిన గుడ్డ అన్నారుగా, ఇది మా శాఖది" అంది మేడమ్. "మగ్గం లేకుండా వచ్చిందా?" "కొలత లేకుండా వచ్చిందా?" ఇన్నేళ్ళూ తనని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తోసేసిన ఇద్దరూ ఆసుపత్రి హాల్లో నిలబడి తన కోసం కొట్టుకుంటుంటే, పోగులమ్మ స్తంభం దగ్గరే నిలబడి వింది. గర్వం గుండెల్లో పట్టలేదు. ఎవరినీ ఆపాలనిపించలేదు, కొట్టుకోనీ అనుకుంది. చివరికి పెద్దమనిషి సంతకం కింద ఇద్దరూ పక్కపక్కన పెట్టారు. పెద్ద నర్సమ్మ పైకి చూసి, "దుమ్ము దులిపే బాధ్యత మాత్రం నీదే" అంది.

అందరూ వెళ్ళిపోయారు. గుడ్డలు దించాల్సి వస్తుందేమోనని పొద్దున్నుంచీ ఓ మూల నిలబడ్డ మొగుడు నిచ్చెన భుజాన వేసుకుని, పెళ్ళాం వైపు చూసి, "ఊఁ" అని, పనికి పోయాడు. పోగులమ్మ అత్తగారి దగ్గరికి వచ్చింది.

"పదండి అత్తయ్యా, ఇంటికి పోదాం."

"నువ్వు పో. నేను తర్వాత వస్తా." ఆపరేటరమ్మ పక్కన కూర్చున్నావిడ వైపు అప్పటికే తిరిగిపోయింది. ఆవిడ చెవులకీ మిషన్లున్నాయి. ఎవరో ఏమిటో, అరగంట కింద మొహం తెలియని మనిషి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఒకరి మాట అయ్యేలోపు ఇంకొకరు అందుకుంటున్నారు.

పోగులమ్మ రెండు బెంచీల అవతల కూలబడింది. అక్కడిదాకా అత్తగారి గొంతు స్పష్టంగా వస్తోంది.

"ఇల్లంతా దారాలే అనుకోండి. అన్నంలో కూడా దారాలు. పాలు పెట్టి మర్చిపోతుంది, గిన్నెలు తోమలేక చస్తున్నా. కూరలో ఉప్పు వెయ్యడం ఇన్నేళ్ళయినా రాలేదు. నా కప్పు పగలగొట్టి పిల్లి మీద పెట్టింది, చూశారా తెలివి!"

అవతలావిడ "అయ్యో, అయ్యో" అంటోంది. ఆపరేటరమ్మ చేతులు తిప్పుతూ, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. అన్నీ తన మీద చాడీలే. పోగులమ్మ చెంపలు తుడుచుకుని, ఒక్క ముక్క పోకుండా విందామని, ఒక బెంచీ ముందుకి జరిగి కూర్చుంది.